నాలుగో కాలు

మట్టి కలిపేటప్పుడు గొంతుక్కూచోబాకమ్మా,
మోకాలి చిప్ప అరిగింది, అన్నాడు ఎముకల డాక్టరు.
మట్టి నేల మీద కాక ఇంకెక్కడుంటుంది
అనుకున్నా గానీ
పైకి అనలా.

మిద్దె మీద నా సంసారం:
పెయింటు డబ్బాలు పదకొండు, చిల్లు బిందె,
మూత పోయిన కుక్కరు, రెండు సిమెంటు తొట్లు.
వాటి ముందు ముప్పై ఏళ్ళు గొంతుక్కూచున్నదాన్ని
నిలబడి మట్టి కలపాలంటే
నడుమెత్తు బల్ల ఒకటి కావాలి.
షాపులో అడిగితే
డైనింగు టేబుళ్ళు చూపించాడు కుర్రాడు.
అద్దం మీద పేడెరువు ఎట్టా పోస్తాం నాయనా?

తర్లుపాడు రోడ్డులో
మస్తాన్ వలీ పాత సామాన్ల దొడ్డి.
ఊడిన షట్టర్లు, కుట్టు మిషన్ల కాళ్ళు,
వాటి వెనక, గోడ వారన
వానకి తడిసి ఎండకి నెరిసి
వేపచెక్క బల్ల.
పలకల ఫ్యాక్టరీదమ్మా, మూసేసినప్పుడు తెచ్చి పడేశా,
ఆరేళ్ళు, ఒక్కరూ అడగలా,
తొమ్మిదొందలిచ్చి తీసకపో.

వేలితో రుద్దా.
బూడిదరంగు పొడి, రాగిపిండి కన్నా మెత్తగా,
పగుళ్ళలో ఇంకా ఉంది.
ఒకటో తరగతిలో
ఉమ్మితో తుడిచి చెంపదెబ్బ తిన్న వాసన.
ఏడొందల యాభైకి దిగొచ్చాడు.

తోలుకొచ్చింది చెన్నకేశవులు, ట్రాలీ ఆటోలో.
దారంతా నోరు విప్పని మనిషి
మెట్ల మలుపు దగ్గర
"చిన్నంగా, ఆ కొస చిన్నంగా" అన్నాడు,
చంటిబిడ్డని దించుతున్నట్టు.
దించగానే బల్ల డకడకలాడింది.
నాలుగో కాలు రెండు వేళ్ళు పొట్టి.

మస్తాన్ వలీని తిట్టబోయా.
కాదమ్మా, కోసింది మేమే, అన్నాడు.
ఆడ ఆ మూల గచ్చు ఎత్తుండేది,
నీళ్ళు కాలవకి జారేదానికి.
ఆ ఎత్తుకి సరిపెట్టి కోశాం.
ఆడ దీనంత నిదానమైన బల్ల ఇంకోటి లేదు.

అని, ఎవరో పిలిచినట్టు
బల్లకి ఆ వైపు పోయి నిలబడ్డాడు.
అంచు అక్కడ లోపలికి అరిగుంది.
పొట్ట ఆనించే చోటు.
అతని చొక్కా అందులో సరిగ్గా ఇమిడింది.
రెండు చేతులు
లేని పలకకి లేని చట్రం తొడిగి,
నాలుగు మూలలు తట్టి,
కుడి పక్కన పెట్టాయి.
రోజుకెన్ని చేసేవాడివయ్యా?
ముందు దగ్గొచ్చింది. తర్వాత జవాబు:
లెక్క అడుగునుంటది చూడు.

వంగొద్దన్న మోకాళ్ళతోనే వంగా.
బల్ల కింద మేకుతో గీసిన గీతలు.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
ఆ కాలి నుంచి ఈ కాలి దాకా బారులు బారులు.
చిట్టచివర మూడు నిలువు.
అంతే.

కరెంటు పోయిందో, దగ్గు ఆగలేదో,
గేటుకి తాళం పడింది ఆ పూటేనో
నేనడగలా, అతను చెప్పలా.
కిందికి పోయి
కాలవ గట్టున పలక ముక్కలు రెండు ఏరుకొచ్చాడు.
(ఈ ఊళ్ళో వాటికేం కరువు, నీళ్ళకి గానీ.)
ఒకదాని మీద ఒకటి పేర్చి
నాలుగో కాలి కిందికి మడమతో నెట్టాడు.
నిండు చెంబు పెట్టి చూశాం.
నీళ్ళు కదల్లా.

కిరాయి మూడొందలు తీసుకుని
పైన ఇచ్చిన యాభై వెనక్కిచ్చాడు.
మిరపనారు పోస్తే నాలుగు మొక్కలు పక్కన పెట్టు.

ఇవాళ పొద్దున్నే
ఎర్రమట్టి, చెరువు ఒండ్రు, మాగిన ఎరువు,
బల్ల మీద గుట్ట పోసి
మధ్యలో గుంట చేసి నీళ్ళు పోశా,
సంగటి ముద్దకి పులుసు పోసినట్టు.
పిసుకుతుంటే పగుళ్ళలోంచి
ఆ బూడిద పొడి కూడా వచ్చి కలిసింది.
తియ్యలా.
అరిగిన అంచుకి నా పొట్ట ఆనించా.
కాస్త పెద్దదయింది చోటు, నాకు.

ఒక డబ్బా. రెండు. మూడు.
నాలుగోదానికి దోసిలెత్తానో లేదో
వీధిలో ట్యాంకరు హారను.
చేతులు చీరకి తుడుచుకుని
బిందెల కోసం ఉరికా.